దయచేసి ఆపవద్దు

నీలి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగతా ఉండాయి.
ఇరవై ఏడు శాతం.
పొద్దు మునిగేటప్పుడూ ఇరవై ఏడే,
సంకటి తిని చెయ్యి కడుక్కున్నాకా ఇరవై ఏడే.
కింద చిన్న అక్షరాల్లో ఒక మాట:
దయచేసి కంప్యూటర్ ఆపవద్దు.

ముప్పై మూడేండ్లు కరెంటు స్తంభాలెక్కినోణ్ణి.
ఆపడం, మళ్లీ ఇవ్వడం, అదే నా ఉద్యోగం.
మురకంబట్టు నించి గిరింపేట దాకా
ఏ ఫ్యూజు ఏ వానకు పోతాదో
నా అరచేతి కాయల్ని అడిగినా చెప్తాయి.
ఇప్పుడొక పెట్టె
నన్ను పట్టుకోని ఆపొద్దంటాది.

ఇంతియాజుకు ఫోన్ చేసినా.
హైరోడ్డులో అంగడి వాడిది. బన్ను నములుతానే చెప్పినాడు:
"మామా, పవర్ బటన్ నొక్కి పట్టుకోని పది లెక్కబెట్టు."
ఆపొద్దని రాసుండాది గదరా?
"అది అట్లే రాస్తాది మామా."

పది లెక్కబెట్టినా.
ఎవరి గొంతో పిసికినట్టుండింది.
ఫ్యాను నిల్చింది, తెర నల్లబడింది,
దాంట్లో నా బట్టతల కనబడింది.
మళ్లీ నొక్కితే
వచ్చిన దోవనే వెనక్కి నడిచింది, గంటన్నర.
చివరికి నిజం కక్కింది:
డిస్కులో చోటు లేదు.

చోటు ఎవరు మింగినారా అని చూస్తే
బెల్లం మండీ లెక్కలు, రేపు పదింటికి అప్పజెప్పాల్సినవి,
ఒక మూలన అణిగి కూర్చోనుండాయి.
తక్కిన ఇల్లంతా పరుచుకోని
తమ్ముడు దామోదరం పెండ్లి.
నలభై రెండు జీబీ.
మూడు కెమెరాలు, వాటిల్లో ఒకటి డ్రోను,
బంగారుపాళెం మండపం మీద గద్ద మాదిరి తిరిగింది.
కాపురం పదకొండు నెలలు.
కోర్టు కాగితం రెండు పేజీలు.

తాకితే తెర అడిగింది:
శాశ్వతంగా తొలగించాలా?
జడ్జి కూడా ఇంత మర్యాదగా అడగలా.

పలమనేరుకు ఫోన్ చేసినా, రాత్రి పదిన్నరకు.
వాడు చాలాసేపు ఏం మాట్లాడలా.
వెనకాల లారీలు పోతా ఉండే చప్పుడు.
"తీసెయ్ అన్నా."
పెట్టేస్తాడనుకున్నా. పెట్టలా.
"తాళి కట్టేటప్పుడు నాదస్వరం ఆయన తుమ్మినాడు గదా,
పుష్పలత పగలబడి నవ్వింది.
ఆ బిట్టు మటుకు ఉంచన్నా."

డ్రోనుకు తుమ్ము తెలీదు.
రెండో కెమెరా అన్నాలకాడ సాంబారు బకెట్టును చూస్తా ఉండాది.
మూడోదాంట్లో దొరికింది. పద్నాలుగు సెకన్లు.
దాన్ని బెల్లం లెక్కల పక్కన పెట్టి
మిగిలిందంతా తీసేసినా.
పెట్టె తేలికపడిందో లేదో గానీ
కుర్చీలో నేను రవ్వంత కుంగినా.

మళ్లీ మొదలు. ఒకటి, నాలుగు, పన్నెండు.
కొండ పక్క మెరిసింది.
ఆ మెరుపు సంగతి నాకు తెలుసు.
ఇంకో ఇరవై నిమిషాలకు సబ్‌స్టేషన్లో చెయ్యి మీట మీదికి పోతాది.
"చెంగల్రాయుడూ, నాకింద పని నేర్చుకున్నోడివి,
రెండో ఫీడరు ఒక అర్ధగంట ఆపొద్దబ్బయా."
"ఎవరికన్నా ఒంట్లో బాగలేదా సార్?"
ఏం చెప్పాల?
అట్లాంటిదే అన్నా.
మళ్లీ నేనే అన్నా, ఎవడన్నా స్తంభం మీదుంటే మటుకు
నా మాట వినొద్దని.

వాన పడింది. యాడనో కొమ్మ విరిగింది.
లైటు రెండుసార్లు కన్నుగీటింది, పోలా.
నూరు శాతమయ్యేసరికి మూడు.

మండీ లెక్కలు తెరుచుకున్నాయి, పైసా తేడా లేకుండా.
ఆ పద్నాలుగు సెకన్లు తాకినా.
నాదస్వరం ఆయన ముక్కు ఎగబీల్చినాడు,
అక్షింతలు చెదిరినాయి,
పుష్పలత తల వెనక్కి వాల్చి నవ్వతా ఉండాది,
వాడు ముడి సగంలో ఆపి ఆమెనే చూస్తా ఉండాడు.
చప్పుడు లేదు.
స్పీకరు బొమ్మ మీద ఎర్ర ఇంటూ మార్కు.

ఇంతియాజ్ అంగడి తెరిచేది తొమ్మిదికి.
ఇంకోసారి తాకినా.